మూడు పొద్దుల అతిథులు

శంఖపట్టణం కోటకు ఏడు ప్రాకారాలు. ఏడింటికీ రాగి తలుపులు. లోపల నూటెనిమిది స్తంభాల కొలువుకూటం, ఒక్కో స్తంభం మీద నోరు తెరిచిన వెండి సింహం. మామూలు రోజుల్లో ఆ సింహాల నోళ్ళలోంచి పన్నీరు చిలికేది. ఆ వేసవిలో వేపాకు పొగ వస్తోంది. తామ్రకూట రాజ్యమంతటా నీలిగండం పడింది. ముందు జ్వరం, తర్వాత పెదవులు నేరేడు పండ్లలా నీలబడటం, ఆపైన పాడె. పెద్దవాళ్ళు ఎలాగో తట్టుకుంటున్నారు. అయిదేళ్ళలోపు పిల్లలు మాత్రం, జ్వరం తగిలిన నూరుమందిలో నలభైమంది, పిందెల్లా రాలిపోతున్నారు.

ఒక్క మాట అడగాలని తానే వచ్చి, ఆ పొగలో రణభద్ర మహారాజు ఎదుట బింబాలి నిలబడి ఉంది. రాజుగారి గాదెల్లో కుంచం పట్టి ధాన్యం కొలవడం ఆమె పని. పాతికేళ్ళది. మొగుడు కిందటేడు యుద్ధానికి వెళ్ళి తిరిగిరాలేదు. మూడేళ్ళ కూతురు తప్ప ఆమెకు లోకంలో ఎవరూ లేరు. ఆమె పక్కనే చాప మీద రాజవైద్యుడు భైరవభట్టు శవం ఉంది. నిన్న ఇదే చోట నిలబడి, ‘ప్రభూ, తొందరపడవద్దు, ఇంకొంచెం విచారిద్దాం’ అన్నందుకు ఆ ముసలాయన నోట్లో కరిగిన లక్క పోయించాడు రాజు. శవాన్ని తీయనివ్వలేదు. తరువాత మాట్లాడబోయేవాళ్ళకు గుర్తుండాలట.

“ఏమే కొలతల పిల్లా! నీకూ సందేహమేనా?” అన్నాడు రణభద్రుడు ద్రాక్షపండు నోట్లో వేసుకుంటూ.

నిన్న ఊరంతా చాటింపు వేశారు. అయిదేళ్ళలోపు పిల్లలందరినీ తల్లుల నుంచి విడదీసి, కడలిపాయ అవతల ఉన్న తెల్లతిప్పకు తరలించాలి. నలభై రోజులు అక్కడే ఉంచాలి. అడ్డుపడిన తల్లి చేతులు నరకాలి. ఆ ఉపాయం చెప్పినవాడు ఆస్థాన మాంత్రికుడు జటాకుంభుడు. తాటిచెట్టంత మనిషి, మోకాళ్ళదాకా జడలు, ఒక్కో జడ చివర ఒక్కో ఎలుక పుర్రె. అతను రాజు పక్కనే నిలబడి చిరునవ్వు నవ్వుతున్నాడు.

“సందేహం కాదు మహాప్రభో,” అంది బింబాలి. “ఒక్క మాట అడుగుదామని. తిప్ప మీద చావు లేదని స్వామివారు ఎలా చెప్పారో...”

“నెల రోజులుగా పల్లెల పిల్లల్ని పంపించాను,” అన్నాడు జటాకుంభుడు. “తిప్ప పలక మీద ఈనాటికి నలభై ఎనిమిది పేర్లున్నాయి. నలభై ఎనిమిదిమందీ ఊపిరితో ఉన్నారు. పలకకెక్కినవాళ్ళలో ఒక్క చావు చూపించు!”

“ఎంతమంది పడవెక్కితే నలభై ఎనిమిది అయ్యారు స్వామీ?”

సభలో ఎవరో దగ్గు ఆపుకున్నారు.

“రైతు కుప్ప చూపించి ‘ఇందులో తాలు లేదు’ అంటాడండీ. తూర్పారపట్టింది ఎక్కడ, తాలు ఏ పక్కకు ఎగిరింది అని మేం అడుగుతాం. అది చూడందే కుంచం ముట్టుకోం,” అంది బింబాలి.

“పిల్లల ప్రాణాలు నీకు జొన్నలా?” అని గర్జించాడు మాంత్రికుడు. “నువ్వు తాలూ తప్పా వెతుకుతూ కూర్చుంటే, పొద్దు గడిచేకొద్దీ నూటికి నలభైమంది పోతూనే ఉంటారు. ఆ ఉసురు నీ నెత్తిన!”

ఆ మాట బాణంలా దిగింది. అది నిజమే కావచ్చు కదా? తిప్ప గాలి మంచిదే అయితే? అప్పుడు తన కూతురు గువ్విని తన నోటితో తానే చంపుకున్నట్టు. ఆమెకు ఏడుపొచ్చింది. అయినా అడిగిన ప్రశ్నకు జవాబు రాలేదని ఆమె చెవులకు తెలుసు.

రాజుకు ఆట రుచించింది. “సరే! రేపటి నుంచి మూడు పొద్దులు గడువు. తిప్పకు పోయి చూసిరా. మూడోరోజు మధ్యాహ్నం శంఖం ఊదేలోపు నువ్వే, నీ కాళ్ళ మీద నువ్వే వచ్చి ఇక్కడ లెక్క చెప్పాలి. అందాకా ఒక్క పడవా కదలదు, ఇది రాజు మాట. నువ్వు రాకపోతే నాలుగువేలమంది పిల్లలూ తిప్పకు పోతారు. వచ్చి తప్పు లెక్క చెప్పావో...” అని భైరవభట్టు శవాన్ని చూపించి, “లక్క కాగుతూనే ఉంటుందిలే,” అన్నాడు. సభ అంతా నవ్వింది. నవ్వనివాళ్ళను రాజు గుర్తుపెట్టుకుంటాడని అందరికీ తెలుసు.

బింబాలి ఇంటికి పరుగెత్తి గువ్విని పొరుగింటి ముసలమ్మకు అప్పగించింది. గువ్వి ఏడవలేదు. “వచ్చేటప్పుడు తాటిముంజెలు తే,” అంది. “తెస్తా,” అంది బింబాలి. ఇంకొక్క మాట మాట్లాడితే కాళ్ళు కదలవని తెలిసి, వెనక్కి చూడకుండా నడిచింది.

మర్నాడు పొద్దు పొడుస్తుండగా, పాలదాది వేషంలో, జరీ లేని తెల్లచీర కట్టుకుని రేవుకు చేరింది. అక్కడున్న బిడ్డల తల్లి అడుగు పడితే తిప్ప మైలపడుతుందని జటాకుంభుడి ఆన. పిల్లలకు పాలిచ్చే దాదులను మాత్రమే రానిస్తారు. రాజు పంపాడని చెప్పుకుంటే తిప్ప మీది నిజం గోడచాటుకు పోతుంది. అందుకే ఈ వేషం.

ఇంతవరకు తిప్పకు తిరిగే పడవ ఒక్కటే. దాని సరంగు ఓబన్న, అరవై దాటినవాడు, నోటికి తాళం లేనివాడు.

“పాలదాదివా?” అన్నాడు తెడ్డు వేస్తూ. “నీ చేతులు చూస్తే రోకలి చేతుల్లా ఉన్నాయే పిల్లా!”

“నా చేతులతో నీకేం పని తాతా? తిప్ప మీద పేరు కూడా అడగరటగా.”

“అడగరు, అడగరు. మూడు పొద్దులు గడిచేదాకా నువ్వు అతిథివి. పేరడిగితే ఇంటికి అరిష్టం.”

అది తామ్రకూటంలో పుట్టిన ప్రతివాళ్ళకూ ఉగ్గుపాలతో తెలిసిన మర్యాదే. గడప దాటి వచ్చినవాళ్ళను మూడు పొద్దుల వరకు పేరడగరు, ఊరడగరు. నాలుగో పొద్దు పొడిచాకే ఆ ఇంటి పలకకెక్కిస్తారు. తన వేషానికి అది భలే రక్ష అని బింబాలి లోలోపల మురిసింది.

పడవ వెనక చుట్టగా పడి ఉన్న మోకు ఆమె కంట పడింది. దాని నిండా చీరపోగుల ముడులు. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు.

“అవా? రేవులో వదిలిపెట్టడానికి వచ్చినవాళ్ళు వేసిన వీడుకోలు ముడులు. పడవెక్కిన బిడ్డకొక ముడి. వెళ్ళినవాళ్ళు తిరిగొచ్చాక వాళ్ళ చేత్తోనే విప్పాలి. ఈ మోకు నెల కిందట కొత్తది కట్టాను.”

“ఎన్ని విప్పారు?”

“నీళ్ళు చూడు పిల్లా, మోకు చూడకు,” అన్నాడు ఓబన్న.

అలవాటైన వేళ్ళు ఊరుకోవు. బింబాలి ముడులను తడుముకుంటూ పోయింది. నూటముప్ఫై ఒకటి. ‘నలభైరోజులు పూర్తి కాలేదు కాబట్టి ఎవరూ తిరిగిరాలేదు. అంతే అయివుంటుంది. నూటముప్ఫై ఒక్కమందీ అక్కడ ఆడుకుంటూ ఉండాలి. దేవుడా, నేనే తప్పయిపోవాలి,’ అని మొక్కుకుంది.

పొద్దు వాలుతుండగా, తిప్పకు కూతవేటు దూరంలో, కత్తెరవాయి వచ్చింది. రెండు నల్లకొండలు కత్తెర రెక్కల్లా నీళ్ళలోకి వంగి ఉన్నాయి. కొండచరియల మీద బారులు బారులుగా కొంగలు. ఇనుపవి! తుప్పుపట్టిన రెక్కలు, సూదుల్లాంటి ముక్కులు. పడవ దగ్గరికి రాగానే వందల తలలు కిర్రుమంటూ తిరిగాయి.

“జటాకుంభుడి పెంపకం,” అని గొణిగాడు ఓబన్న. “తిప్పకు పోయేవాణ్ణి ఏమీ అనవు. తిప్ప నుంచి వచ్చేవాడి తెరిచిన కన్ను కనబడితే చాలు, పొడుస్తాయి. నా నుదుటికి బూది ఉంది. అది నా పేరున మంత్రించింది, ఇంకొకళ్ళకు పూస్తే ఉత్త మట్టే. నువ్వు తిరిగొస్తే కళ్ళకు గంత కట్టుకోవాలి. అయినా తిరిగిపోయే దాదిని నేనింతవరకు చూడలేదులే.”

అతని మాట పూర్తికాలేదు. నీళ్ళు గిర్రున తిరిగి గరాటులా నోరు తెరిచాయి. పడవ ముక్కు ఆకాశానికి లేచింది. “పడుకో! పడుకోవే!” అని అరిచాడు ఓబన్న. రెండు తెడ్లలో ఒకటి పుటుక్కున విరిగింది. సుడిలోంచి మొసలి ఒకటి లేచి, పడవ అంచు మీద గడ్డం ఆనించి, ఇల్లంత నోరు తెరిచింది. బింబాలి చేతికందిన నూకల బస్తాను ఎత్తి దాని గొంతులోకి కుక్కింది. మొసలి గుటకపడక తల విదిలించింది. ఆ విదిలింపుకు పడవ బంతిలా ఎగిరి సుడి అవతల పడింది.

ఓబన్న ముఖం తుడుచుకుని, “తిప్ప పిల్లల గంజి మొసలి తాగిందమ్మా. రోకలి చేతులు ఊరికే పోలేదు!” అన్నాడు.

తెల్లతిప్ప పేరుకు తగ్గట్టు ముత్యాలు ఆరబోసినట్టు ఉంది. ఇసుక వెండి, గోడలు సున్నం, ద్వారానికి శంఖాల తోరణం. ద్వారంలో తిప్ప పెత్తనం చేసే మల్లసాని ఎదురొచ్చింది. బొద్దుగా, వక్కాకుతో ఎర్రబడిన నోటితో, మేనత్తలా ఉంది.

“రా తల్లీ, కాళ్ళు కడుక్కో. పేరు చెప్పకు, నేనడగను. ఈ తిప్ప మీద చావన్న మాటే లేదమ్మా. పలక చూడు!”

పలక మీద నలభై ఎనిమిది పేర్లు. పెరట్లో నలభై ఎనిమిదిమంది పిల్లలు. సన్నగా ఉన్నా ఆడుకుంటున్నారు. బింబాలి మనసు ఊగింది. నిజమేనేమో!

మర్నాడు ఉదయం గోడవారగా ఉన్న పాక కనబడింది. లోపల ముగ్గురు పిల్లలు పడుకుని ఉన్నారు. వాళ్ళ పెదవులు నీలంగా లేవు. ఎండి, తెల్లగా పగిలి ఉన్నాయి. బింబాలి ముంతెడు నీళ్ళు తీసుకుని పరుగెత్తింది. కావలివాడు ముంతను కాలితో తన్నేశాడు.

“ఏం చేస్తున్నావే?” అంటూ మల్లసాని వచ్చింది, కోపంగా కూడా కాదు. “నీటివెంట గండం పాకుతుందని స్వామి చెప్పారు. అతిథి పిల్లలకు మూడు పొద్దులు నీళ్ళు ముట్టించకూడదు. నాలుగో పొద్దుకు కడుపునిండా గంజి పోస్తాం. అప్పటికి గండం చచ్చిపోతుంది.”

“అప్పటిదాకా పిల్లలు ఉంటారా పెద్దమ్మా?”

“గట్టిపిల్లలు ఉంటారు.”

మధ్యాహ్నానికి ఇద్దరు మనుషులు చిన్న గుడ్డమూటను మోసుకుపోయారు.

“అదేమిటి పెద్దమ్మా?”

“అతిథి.” మల్లసాని వక్కాకు ఉమ్మేసింది.

“మరి తిప్ప మీద చావు లేదంటివే!”

“పిచ్చిదానా! పలకకెక్కని ప్రాణం మాది ఎలా అవుతుంది? అతిథి చావు అతిథి ఊరి లెక్క.”

“ఊరివాళ్ళు గడప దాటిపోయిన బిడ్డ మా లెక్క కాదంటారు కదా!”

మల్లసాని ముఖంలో కపటం ఎంత వెతికినా లేదు. తరతరాల మర్యాదను తు.చ. తప్పకుండా పాటించిన మనిషి ముఖం అది. “అది వాళ్ళ ఇష్టం తల్లీ,” అంది. “మేం మాత్రం మర్యాద తప్పలేదు. ఒక్కొక్క అతిథికీ దిబ్బ మీద ఒక్కొక్క శంఖం పెట్టించాను. నిన్నటి నుంచి చూస్తున్నాను, దాదికి ఇన్ని ప్రశ్నలు తగవు. దాది పేరుతో తల్లులెవరైనా వస్తే రాతిస్తంభానికి గొలుసేసి నలభై రోజులు ఉంచమని ఆజ్ఞ. నువ్వు తల్లివి కావు కదా?”

“కాను పెద్దమ్మా,” అంది బింబాలి.

పొద్దువాలేసరికి పాకలో ముగ్గురూ లేరు. తిప్ప వెనక దిబ్బ మీద బింబాలి వంగి వంగి శంఖాలు లెక్కపెట్టింది. ఎనభై మూడు. మళ్ళీ లెక్కపెట్టింది. ఎనభై మూడే. పలక మీద నలభై ఎనిమిది, దిబ్బ మీద ఎనభై మూడు, కలిపితే ఓబన్న మోకు మీది నూటముప్ఫై ఒకటి. ఒక్క గింజ ఎక్కువ లేదు, ఒక్క గింజ తక్కువ లేదు. శంఖపట్టణంలో జ్వరం తగిలినవాళ్ళలో నూటికి నలభైమంది పోతుంటే, ఇక్కడ జ్వరం లేనివాళ్ళతో కలిపి నూటికి అరవైమంది దాటారు. జటాకుంభుడు అబద్ధం చెప్పలేదు. చచ్చినవాళ్ళంతా రాలిపోయాక మిగిలినవాళ్ళను చూపించి, చావే లేదన్నాడు. ఈ తిప్పకు అతను ఒక్కసారైనా వచ్చాడా అంటే, రాలేదట.

మూడోరోజు పొద్దు పొడిచింది. ఓబన్న పడవ సిద్ధంగా ఉంది. పోయేటప్పుడు ఎదురుగాలి, ఇప్పుడు వాలుగాలి, మధ్యాహ్నానికి రేవు అందుతుంది. బింబాలి ఒక కాలు పడవలో పెట్టింది. అప్పుడు కత్తెరవాయిలోంచి తెరచాప లేచింది. ఎర్రటి తెరచాప, దాని మీద రాజముద్ర సింహం. ఆ పెద్ద పడవ నిన్న ఉదయమే బయలుదేరి ఉండాలి. ‘ఒక్క పడవా కదలదు’ అన్న రాజు మాట రెండు పొద్దులు కూడా నిలవలేదు.

భటులు పిల్లలను గంపల్లోంచి చేపల్లా దింపుతున్నారు. పగలంతా ఎండలో, రాత్రంతా మంచులో, నీటిచుక్క లేకుండా వచ్చిన పిల్లలు. కొందరు దిగలేదు. నీలిపెదవుల పిల్లలు, మామూలు పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు. పదకొండో గంపలోంచి గువ్వి దిగింది.

“అమ్మా!”

“అమ్మా! నీళ్ళు!” అంటూ గువ్వి ఇసుకలో తూలుకుంటూ పరుగెత్తుకొచ్చి కాళ్ళు చుట్టేసుకుంది. ఒళ్ళు చల్లగానే ఉంది. జ్వరం లేదు. పెదవులు అప్పుడే పగులుతున్నాయి.

మల్లసాని నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఏమే దాదీ! ఈ పిల్ల నిన్ను అమ్మా అంటోందేం?” గొలుసు పట్టుకున్న కావలివాడు రెండడుగులు ముందుకు వేశాడు.

గొలుసు పడితే మధ్యాహ్నపు శంఖానికి ఆమె అందదు. అందకపోతే నాలుగువేలమంది ఈ ఇసుకకు వస్తారు. గువ్వికి నాలుగో పొద్దు వరకు నీళ్ళుండవు. వెళ్ళి, రాజు చేత మాట తిప్పించి, మూడు పొద్దులలోపు తిరిగొస్తేనే ఈ పిల్ల బతుకుతుంది.

బింబాలి పకపకా నవ్వింది. “దప్పికతో ఉన్న పిల్లకి ప్రతి ఆడదీ అమ్మే పెద్దమ్మా!” అని, పడవ పక్కనున్న మంచినీళ్ళ కుండలోకి జారనిచ్చి తడిపిన చీరకొంగుతో గువ్వి ముఖం గట్టిగా రుద్దింది. “ఎవతెవే నీకు అమ్మ? ముక్కు చీమిడీ నువ్వూనూ! నోరు మూసుకో!” అని గద్దిస్తూ, కొంగు చివర పిల్ల నోట్లో కుక్కి పిండింది. గువ్వి కళ్ళు పెద్దవయ్యాయి. గుటకలు వేసింది. ఒకటి, రెండు, మూడు. తల్లి కళ్ళలోకి చూస్తూ ఇంకో గుటక వేసింది.

“నేను నీ అమ్మను కాను,” అంది బింబాలి. మూడేళ్ళ పిల్ల వేళ్ళను తన చీర నుంచి ఒక్కొక్కటే విడదీసింది. చిటికెనవేలు అన్నిటికన్నా గట్టిగా పట్టుకుంది.

“ఎక్కడికే?” అంది మల్లసాని.

“నూకల బస్తా మొసలి మింగింది కదా. నలభైమంది కొత్త అతిథులకు నాలుగో పొద్దున గంజి దేంతో కాస్తావు? తెచ్చిపెడతా.” అతిథిని పొమ్మనడమూ ఉండమనడమూ రెండూ మర్యాద కాదు. మల్లసాని పక్కకు తప్పుకుంది.

ఓబన్న గుడ్డపేలిక తీసి ఆమె కళ్ళకు గంత కట్టాడు. మోకు చుట్టను ఆమె ఒడిలో పడేశాడు. పడవ కదిలింది.

చీకట్లో బింబాలికి వినిపించేది రెండే. ముందు ఇనుప రెక్కల కిర్రు, వెనక పిల్ల గొంతు. “అమ్మా! అమ్మా!” ఆ గొంతు వెనకబడిపోతూ ఉంది. ఇనుప చప్పుడు దగ్గరవుతూ ఉంది.

“వినకు,” అన్నాడు ఓబన్న. “పాట ఏదైనా పాడుకో. వినకు.”

గొంతు టక్కున ఆగిపోయింది.

ఏడుపు సన్నగిల్లి ఆగినట్టు కాదు. నరికినట్టు ఆగింది. బింబాలి ఊపిరి బిగబట్టి విన్నది. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. పడిపోయిందా? కావలివాడు కొట్టాడా? ఆమె చెయ్యి గంత మీదికి పోయింది.

“విప్పకు! నీకు పుణ్యముంటుంది, విప్పకమ్మా!”

విప్పింది. వెనక్కి తిరిగింది. తెల్లటి ఇసుక మీద, పడిపోయిన పిల్లల మధ్య, గువ్వి నిలబడే ఉంది. రెండు అరచేతులతో తన నోరు తానే గట్టిగా మూసుకుని ఉంది. అమ్మ మూసుకోమంది కదా.

అంతవరకే చూసింది. ఇనుపకొంగ ముక్కు ఆమె ఎడమ కంట్లో దిగింది.

కేక కొండలకు తగిలి రెండుసార్లు తిరిగొచ్చింది. ఓబన్న తెడ్డు వదిలేసి ఆమె మీద పడ్డాడు. బూది రాసిన తన నుదుటిని ఆమె ముఖానికి ఆనించి, మిగిలిన కన్నును అరచేత్తో మూసేశాడు. రెక్కలు అతని వీపు మీదుగా గీరుకుంటూ పోయాయి. పడవ తనంతట తానే గింగిరాలు తిరుగుతూ కత్తెరవాయిలోంచి అవతలి నీళ్ళలోకి విసిరివేయబడింది.

కిర్రుమనే చప్పుడు వెనకబడ్డాక ఓబన్న చెయ్యి తీశాడు. అతని అరచెయ్యి, ఆమె చెంప, ఒడిలోని మోకు, అన్నీ ఎర్రగా ఉన్నాయి. ముసలాడు గుక్కపెట్టి ఏడుస్తున్నాడు. “తిప్పకు తిరిగిపోదామా తల్లీ? ఈ రక్తం ఆగదు...”

బింబాలి చీరకొంగు చించి కంటి గుంటలో కుక్కుకుంది. మిగిలిన కుడికన్నుతో ఆకాశం వైపు చూసింది. పొద్దు బారెడే ఎక్కింది. దూరంగా, రేవు దిక్కున, ఎర్ర తెరచాపలు ఒకటి, రెండు, అయిదు, పద్నాలుగు, ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి.

“చూడటానికి ఒక్కటి చాలు తాతా,” అంది. “తెడ్డు వెయ్యి.”